ఆరో ప్రశ్న

"ఆ చేతిలోది ఇటివ్వు."

బాపట్ల పరీక్ష హాల్లో ముప్ఫై తలలు ఒక్కసారి లేచాయి. సారా మాత్రం తల వంచుకుని గుప్పిట ఇంకా బిగించింది. బసవేశ్వరరావు మాస్టారు వేళ్ళు విడదీసి లాక్కున్నాడు. అగ్గిపెట్టెంత మడిచిన కాగితం. నిండా నల్లటి మరకలు.

"సిరా కూడానూ!"

"జీడి మరకలండి. కంపెనీలో జీడిగింజలు కొడతానండి."

పావుగంట కిందటే పక్కమ్మాయిని కోణమాని అడుగుతూ ఆయన కంట పడింది. అప్పుడు కసిరి వదిలేశాడు. చనువిస్తే చంకెక్కడమంటే ఇదే.

"అది తీసుకుంటే ఆరో ప్రశ్న రాయలేను సార్."

"చూశావా, నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు!"

ఎనిమిదో తరగతి పరీక్షకి ప్రైవేటుగా కట్టడం ఇది మూడోసారి. రెండుసార్లూ లెక్కల్లోనే తప్పింది. ఆ రోజుల్లో ఎనిమిది ప్యాసైతే చాలు టీచరు ట్రైనింగుకి, లేకపోతే బతుకంతా ఆ జీడిగింజలే.

"మీ కాళ్ళు పట్టుకుంటాను సార్. మీరు మా వేటపాలెంలో ఉన్నప్పుడు..."

"పరిచయాలు చెప్పి బయటపడదామనా? లే!"

చీటీ విప్పాల్సింది చీఫ్ సూపరింటెండెంట్ గదిలోనని రూలు. ఆయన రూలు తప్పే మనిషి కాదు. జవాబు పత్రం లాక్కుని ఆమెను గేటు దాటించాడు. సారా గేటు ఊచలు పట్టుకుని "సార్, సార్" అని ఏడుస్తూనే ఉంది.

చీఫ్ హనుమంతరావు కలం తీశాడు.

"మూడేళ్ళ డిబారుకి రాస్తున్నాను. చీటీలో ఏం రాసుందండీ?"

బసవేశ్వరరావు విప్పాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒక్క అక్షరం లేదు. ఉన్నవల్లా రెండు మడతలు, మూలమట్టం పెట్టినట్టు ఒకదానికొకటి అడ్డంగా.

బల్లమీద ప్రశ్నపత్రం ఉంది. ఆరోది: 'ఈ కోణములలో లఘుకోణము, లంబకోణము, గురుకోణము ఏవో గుర్తించుము.'

ఆయన కాగితాన్ని మళ్ళీ మడిచాడు. మడత మూలను మొదటి బొమ్మమీద పెట్టాడు. కోణం మూలకంటే వెడల్పుగా ఉంది, గురుకోణం. రెండోది సరిగ్గా సరిపోయింది, లంబకోణం. మూడోది మూలకింద దాగిపోయింది, లఘుకోణం.

"ఏముందండీ అందులో?" అని మళ్ళీ అడిగాడు చీఫ్.

బయట చివరి గంట కొట్టారు.

కోణమాని కొనలేని పిల్లలకి వేటపాలెంలో ఆ మడత నేర్పింది ఆయనే.