సగం తెర

"సగం తెర ఎవరి కోసం వదిలిపెట్టారండీ? వచ్చేపోయే చుట్టాల కోసమా?"

ముందుగదిలో కోడలి గొంతు వంటగది దాకా వినిపించింది. కూరగాయలు తరుగుతున్న అత్తగారు కత్తి ఆపి, "మళ్లీ మొదలైంది" అన్నట్టు మనవరాలి వైపు చూసింది.

ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. పగలంతా దాని మీద కోడలు పుస్తకాలు కంపోజ్ చేస్తుంది. ఎడమ పక్క రచయిత చేతిరాత, కుడి పక్క తను కొట్టే పేజీ. రెండూ పక్కపక్కన ఉంటేనే పని సాగేది. సాయంత్రం బస్సు డ్యూటీ దిగి వచ్చాక భర్త దాని ముందు కూర్చుంటాడు. డిపో డ్రైవర్ల కోసం నెలనెలా వచ్చే చిన్న పత్రిక అతని చేతి మీదే తయారవుతుంది.

ఈమధ్య అతనికి కొత్త పిచ్చి పట్టింది. ఏ విండో తెరిచినా ఎడమ సగంలోకి వెళ్లి కూర్చునేలా సెట్టింగులు మార్చాడు. తెర అడుగున ఉండాల్సిన ఐకాన్ల పట్టీని కూడా తెచ్చి ఎడమ అంచున నిలబెట్టాడు. కుడి సగం ఉత్త నీలం రంగు. ఆమె పొద్దున్నే సరిచేసుకోవడం, అతను సాయంత్రం మళ్లీ మార్చెయ్యడం.

"ఇలా అయితే పని త్వరగా తెములుతుందే. చూపు అటూ ఇటూ పరిగెత్తక్కర్లేదు," అన్నాడతను నిమ్మకు నీరెత్తినట్టు.

"మీ పని తెములుతుంది. నాది? చేతిరాత మీద నా పేజీ, నా పేజీ మీద చేతిరాత! ఇవాళ తొందరలో మార్చుకోవడం కుదరక, ఒకటి తీసి ఒకటి మూసి, ఒక పేరా మొత్తం ఎగరగొట్టాను. ప్రెస్సాయన ఏమన్నాడో తెలుసా? 'చేతకాకపోతే చెప్పమ్మా, ఇంకొకరికి ఇచ్చుకుంటాను' అన్నాడు. ఇన్నేళ్లలో ఒక్క మాట పడ్డానా నేను?"

అతను కుర్చీని తెరకి ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ మూరెడు చోటు. అందులోనూ సగం లాక్కుంటే ఎలాగండీ?"

"లాక్కోలేదే. ఖాళీగానే ఉందిగా."

"అదే నా మంట! మీరు వాడరు, నన్ను వాడనివ్వరు."

భోజనాల దగ్గరా ఆమె కోపం చల్లారలేదు. అసలు అతను బల్ల దగ్గర కూడా చోటు మార్చాడీమధ్య. ఎప్పుడూ కూర్చునే నడిమి కుర్చీ వదిలేసి, కుడి భుజం గోడవైపు ఉండేలా చివరి కుర్చీలోకి జరిగాడు. గోడ పక్కన ఆమె విసురుగా పెట్టిన నీళ్ల గ్లాసు, పెట్టీపెట్టగానే అతని మోచేయి తగిలి బోర్లా పడింది.

"చూశారా అత్తయ్యా? నోటితో జవాబు లేదు కానీ, గ్లాసు మీద చూపిస్తున్నారు ప్రతాపం."

"వాడి ధ్యాస ఒకచోట, చెయ్యి ఒకచోట. చిన్నప్పట్నుంచీ అంతేగా," అంది అత్తగారు కొడుకుని వెనకేసుకొస్తూ. "మొన్న డిపో గేటుకి బస్సు గీసుకుందని మెమో ఇచ్చారట కూడాను."

"ధ్యాసంతా ఆ తెర మీదుంటే గీసుకోదూ!"

కూతురికి ఈ గొడవేదీ పట్టలేదు. తెల్లారితే వాళ్ల క్లాసు విహారయాత్ర. ఆ డ్యూటీ అడిగి వేయించుకోమని తండ్రి ప్రాణం తోడేసింది.

"నాన్నా, రేపు బస్సు మా నాన్నే నడుపుతాడని క్లాసంతా చెప్పేశాను. మా టీచర్ ఏమందో తెలుసా? 'మీ నాన్నయితే మాకింక భయమే లేదు' అంది."

అతని చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. కూతురి మొహంలోకి కాసేపు చూశాడు. లేచి చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసుకుని బయట మెట్ల మీదకి వెళ్లాడు.

"నాలుగు మాటలనేసరికి ఇలా లేచిపోవడం ఒకటి," అంది భార్య, తడిసిన బల్ల తుడుస్తూ.

అతను తిరిగి వచ్చి నేరుగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సెట్టింగులన్నీ ఒక్కొక్కటే వెనక్కి మార్చాడు. పట్టీ కిందికి దిగింది. చేతిరాత ఎడమకి, పేజీ కుడికి సర్దుకున్నాయి.

"ఇక నీకు కావలసినట్టు ఉంచుకో. నేను ముట్టుకోను."

"ఇప్పటికి తెలిసొచ్చింది," అందామె. గెలిచినా గొంతులో వేడి తగ్గలేదు.

అతను వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. తలంతా తిప్పి ముగ్గురినీ చూశాడు.

"రేపటి బస్సుకి వేరే డ్రైవర్ వస్తాడు. డిపోకి ఫోన్ చేసి చెప్పేశాను. ఇకమీదట నేను బస్సు నడపను," అన్నాడు మెల్లగా.

"నాన్నా!" కూతురు కుర్చీ వెనక్కి తోసి లేచింది. "అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

భార్య భగ్గుమంది. "నా మీద కోపం పసిపిల్ల మీద తీర్చుకుంటారా? అన్నం పెట్టే ఉద్యోగం మీద తీర్చుకుంటారా? నా తెర నేను అడిగినందుకు ఇంత సాధింపా? మగవాళ్ల పంతం అంటే ఇదేనా?"

"ఒరేయ్, ఏమైందిరా నీకు?" అంటూ అత్తగారు కుడివైపు నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. అతను ఉలిక్కిపడ్డాడు.

"నాకు కుడిపక్క ఏమీ కనిపించడం లేదమ్మా."