లోపలి గడియ

ఆ వీధివాళ్లందరినీ సాయంత్రం సిపాయిలు తుపాకీ మడమలతో కొట్టి లారీల్లోకి ఎక్కించారు. గడపల మీద నెత్తురు ఇంకా ఆరలేదు. కొత్తగా దిగబోయేవాళ్ల కోసం ఇళ్లు తెరవమని, తాళాలు బాగుచేసే ముసలాయన్ని రాత్రికి రాత్రే లాక్కొచ్చారు.

చివరి ఇంటి తాళం తిరిగింది. తలుపు మాత్రం కదల్లేదు. లోపల గడియ పెట్టి ఉంది. ఆయన చెవి ఆనించాడు. పసిబిడ్డ ఏడుపు మొదలై, ఎవరో నోరు నొక్కినట్టు టక్కున ఆగింది.

"తుప్పు పట్టి బిగుసుకుపోయింది సార్. నా వల్ల కాదు," అన్నాడు.

"ఇన్ని తీశావు, దీనికేం రోగం?" సిపాయి నవ్వాడు. "పోనీలే. ఒక్క కొంప తగలబెడితే కొంపలేం మునిగిపోవు. రేయ్, కిరసనాయిలు పట్రా!"

డబ్బా మూత ఊడింది. వాసన తలుపు సందుల్లోంచి లోపలికి పాకింది.

తలుపు మీదున్న ముసలాయన అరచేతికి, అవతల గడియ మెల్లగా జరగడం తెలిసింది.