నాలుగు వందల పధ్నాలుగు నిమిషాలు

నేల తుడిచే మిషన్‌కు ఓ మీటరు ఉంటుంది. నెలలో ఎన్ని నిమిషాలు తిరిగిందో అది చెబుతుంది.

నెలాఖరున ఆ అంకె ఆసుపత్రి బిల్లుల గుమాస్తా బల్ల మీదికి వస్తుంది. మిషన్ తక్కువ తిరిగితే కాంట్రాక్టరు బిల్లులో కోత. కోత పదో వంతు దాటితే మిషన్ నడిపే మనిషిని పనిలోంచి తీసేయాలి. షరతు అది.

గుమాస్తాను అందరూ చాటుగా ‘మీటరు బాబు’ అంటారు. ఆ సంగతి అతనికీ తెలుసు.

అతని తల్లి పోయి పదిరోజులైంది. ఇదే ఆసుపత్రి మూడో వార్డులో ఇరవై మూడు రోజులుంది. సెలవు అయిపోయి ఆ ఉదయమే వచ్చి కూర్చున్నాడు. పోయిన నెల అంకె అప్పటికే బల్ల మీద ఉంది.

“నాలుగు వందల పధ్నాలుగు నిమిషాలు తక్కువ,” అన్నాడు ఎదురుగా నిలబడ్డ తుడిచే ఆవిడతో.

ఆవిడకు యాభై దాటాయి. యూనిఫాం మోకాళ్ల దగ్గర అరిగిపోయింది.

“నేల మురికిగా ఉందన్నారా బాబూ ఎవరైనా?”

“అనలేదు.”

“మరి?”

“నేల సంగతి కాదమ్మా, మీటరు సంగతి. మిషన్ పెట్టకుండా ఏం చేశావు?”

“గుడ్డతో తుడిచాను.”

“మిషన్ ఉండగా గుడ్డతోనా? వింటే నవ్విపోతారు.”

“నా మోకాళ్లూ అదే అన్నాయి బాబూ.”

అతనికి నవ్వు రాలేదు.

“కారణం ఉంటే చెప్పు, రాసి పెడతాను. లేదంటే నీ పని పోతుంది.”

ఆవిడ పెదవులు కదిలాయి. చెప్పాలా వద్దా అన్నట్టు అతని ముఖంలోకి చూసింది.

“అమ్మగారు పోయాక ఇవాళే వచ్చారా బాబూ?”

అతని గొంతు మెత్తబడింది. “ఆఁ. రోజూ సాయంత్రం వెళ్లి అడిగేవాణ్ణి. హాయిగా నిద్రపట్టిందిరా నాన్నా అనేది. బాధ తెలియకుండా వెళ్లిపోయింది. నాకు అదొక్కటే ఊరట.”

ఆవిడ తలదించుకుంది.

“చెప్పు మరి, కారణమేమిటి?”

“ఏముంది బాబూ, బద్ధకం.”

అతను కోత వేశాడు. కింద సంతకం పెట్టాడు.

వారం తర్వాత మూడో వార్డు మీదుగా వెళుతుంటే నర్సు పిలిచింది.

“మీ అమ్మగారి కళ్లద్దాలు సార్. సొరుగులో ఉండిపోయాయి.”

అతను అందుకున్నాడు.

“తుడిచే ఆవిడ రావడం లేదేంటి సార్? కొత్తావిడ మిషన్ మోతకు వార్డంతా లేచి కూర్చుంటోంది.”

“తీసేశారు.”

“అయ్యో పాపం. రాత్రంతా నొప్పితో ఉన్న అమ్మగారికి తెల్లవారుజామునే కదా ఓ కునుకు...”

“నొప్పా?”

నర్సు నాలిక కరుచుకుంది.

“మీకు చెప్పొద్దని అమ్మగారు మా అందరిచేతా ఒట్టు వేయించుకున్నారు సార్. ఆ కునుకు కాస్తా చెడుతుందని, అమ్మగారున్నన్నాళ్లూ ఆ తుడిచే ఆవిడ ఈ వార్డులో మిషన్ పెట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని చేత్తోనే తుడిచింది.”

అతను వార్డు నేల వైపు చూశాడు.

“ఈ వార్డుకు మిషన్ ఎంతసేపు పడుతుంది సిస్టర్?”

“పద్దెనిమిది నిమిషాలు. గోడ మీద రాసి ఉందిగా.”

కళ్లద్దాలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అలవాటు చొప్పున, ఇరవై మూడు తెల్లవారుజాముల్ని పద్దెనిమిదితో హెచ్చవేశాడు.

ఒక్క నిమిషం తేడా రాలేదు.