ఆరో భాగం

ఏలూరులో ఫాంటసీ నవలల అభిమానుల సభ. రచయిత నరసింహమూర్తి సృష్టించిన కొల్లేటి పక్షిరాణిలా రెక్కలు కట్టుకొచ్చిన ఒకమ్మాయి, ఆయన భార్య రత్నమాణిక్యాన్ని పక్కకు పిలిచింది.

“ఏమీ అనుకోకండి మేడమ్. మొదటి మూడు భాగాలూ నాకు ప్రాణమండీ. తర్వాతి రెండూ వేరెవరో రాసినట్టున్నాయి. ఆరోదైనా సారు మనసుపెట్టి రాసేలా మీరే చెప్పాలండీ.”

“చెబుతానమ్మా,” అంది రత్నమాణిక్యం.

ఆ రెండు భాగాలూ ఆవిడే రాసింది. భర్తకు జ్ఞాపకం చెదిరిపోతున్న సంగతి బయటికి పొక్కకుండా, ఆయన పేరుతో, ఆయనలాగే రాయాలని నాలుగేళ్లు తంటాలు పడింది. ఆరో భాగం సగంలో ఆగి ఉంది. ఇక అది సాగదని ఇప్పుడు తెలిసిపోయింది.

వేదిక మీద ఆయన మొదటి భాగం చదువుకుంటున్నాడు. ఆవిడ వెళ్లి పక్కన కూర్చుంటే, ఆయన తలెత్తి మర్యాదగా కాస్త జరిగాడు.

“ఏవండీ, మీరెవరో గానీ, ఇది చదివారా? ఎంత బాగా రాశాడో! ఈయన ఇవాళ ఇక్కడికొస్తాడంటారా?”

రత్నమాణిక్యం ఆయన చేతిలోని పుస్తకం వైపు చూసింది.

“రారండీ,” అంది.