గుమ్మంలో ఒక్క చెప్పు

"గిదేంది మేడం?" అంటూ బడి కరస్పాండెంట్ బాలనర్సయ్య ఒక క్యాసెట్టు తెచ్చి బల్ల మీద టప్పున పెట్టాడు. "జపాన్‌కు పంపుతా అన్న కవిత్వం గిదే గదా? పొద్దుగాల మా ఇంట్ల టేప్‌రికార్డర్ల విన్న. సినిమా పాట! జపానోళ్లకు తెలిస్తే మన బడి ఇజ్జత్ ఏంగావాలె?"

త్రిపురసుందరి టీచర్ గబుక్కున లేచింది. ఆవిడ చేతిలో జపాన్ చిరునామా రాసిన కవరుంది. పిల్లల హైకూ పోటీకి బడి తరఫున ఒక్కటే పంపాలి, ఇవాళ పోస్టులో పడకపోతే గడువు దాటిపోతుంది. కవరులో ఉన్నది నాలుగో తరగతి కౌసల్య రాసిన మూడు పాదాలు.

వాన వెలిసె
గుమ్మంలో ఒక్క చెప్పు
రెండోది ఏదీ

ఈ మూడు పాదాల కోసం ఆవిడ పడ్డ పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. జపాన్‌వాళ్లు మనలాగే చెప్పులు బయట విడిచి లోపలికొస్తారర్రా అంది. నడుం వంచి దణ్ణం పెట్టడం నేర్పింది. కళ్లతో చూసిందే రాయండి, పాదానికి అయిదు, ఏడు, అయిదు అక్షరాలు, వేళ్ల మీద లెక్కపెట్టుకోండి అని గొంతు చించుకుంది. పిల్లలేం తెచ్చారు? ఒకడు వెన్నెల తెచ్చాడు, ఇంకొకతె విరహం తెచ్చింది. తొమ్మిదేళ్ల పిల్లకి విరహమేమిటి, నా తలకాయ! ఫిలింనగర్‌లో ఇంటికొక పాటలాయనో మాటలాయనో ఉన్నాడాయె, హోంవర్కు వాళ్లే రాసిపెట్టారు. ఆ చెత్తంతటిలో ఇదొక్కటే పసిదాని కళ్లతో చూసినట్టుంది. "వానాకాలంలో రాశాను టీచర్" అని కౌసల్య నోటుపుస్తకంలోంచి కాయితం చింపి ఇచ్చినప్పుడు ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి కూడా.

"గీ పాట రాసినాయన ఎవ్వరో కాదు, కౌసల్య నాయనే. పిలిపించిన, అగో, వస్తుండు" అన్నాడు బాలనర్సయ్య.

సూర్యప్రకాశరావు నలిగిన లాల్చీలో లోపలికొచ్చి నమస్కారం పెట్టాడు. కౌసల్యని కూడా పిలిపించారు. ఆ పిల్ల వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"మాస్టారూ, ఒక్క మాట చెప్పండి చాలు" అంది టీచర్. "ఇది మీ అమ్మాయి సొంతంగా రాసిందేనా?"

ఆయన కాయితం అందుకుని చదివాడు. మళ్లీ చదివాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"పదకొండేళ్లు ఒక పెద్ద పాటల రచయిత దగ్గర పనిచేశానండీ. ఎన్ని పాటలు రాసినా ఆయన పేరే. నా పేరు వేసిన మొదటి పాటండీ ఇది. ఇంట్లో పొద్దస్తమానం ఇదే పాడుకుంటూ ఉంటే..." కాయితం బల్ల మీద పెట్టేశాడు. "పిల్ల పట్టేసిందండీ. చిన్నపిల్ల, తెలీక చేసింది. క్షమించండి."

"ఇంగేముంది?" అన్నాడు బాలనర్సయ్య. "రేపట్సంది హైకూ గియికూ బంద్. ఎక్కాలు చెప్పుండ్రి మేడం."

కూతురి వైపు చూడకుండానే సూర్యప్రకాశరావు వెళ్లిపోయాడు. ఆయన వెనకే బాలనర్సయ్య కూడా క్యాసెట్టు జేబులో వేసుకుని వెళ్లాడు.

త్రిపురసుందరికి ఒళ్లంతా నీరసం కమ్మింది. ఒక్క పిల్ల, నలభై మందిలో ఒకే ఒక్క పిల్ల నిజం రాసిందనుకుంది. అదీ దొంగదేనా? ఈ ఊళ్లో పసివాళ్ల నోటికి కూడా సొంత మాట లేదా? ఇక ఎవరికి ఏం నేర్పి ఏం లాభం? నీరసం కాస్తా కోపమైంది. స్కేలు తీసింది.

"చెయ్యి చాపు."

కౌసల్య చాపింది. రెండు దెబ్బలు పడ్డాయి, మూడోది కూడా పడింది. పిల్ల ఏడవలేదు. అది చూసి ఇంకా మండి, టీచర్ కవరుతో సహా కాయితాన్ని పరపరా చింపి చెత్తబుట్టలో పడేసింది.

"చాల్లే, క్లాసుకి పో!"

పిల్ల కదల్లేదు. కందిన చెయ్యి గౌనుకి రాసుకుంటూ చెత్తబుట్ట వైపే చూస్తోంది.

"ఇంకా ఏమిటే? నాన్న పాట దొంగిలించి నాకు అబద్ధం చెప్పావు. తప్పని ఒప్పుకోవడానికి నోరు రావట్లేదా?"

కౌసల్య గుమ్మం వైపు తొంగి చూసింది. నాన్న వెళ్లిపోయాడని రూఢి చేసుకుని టీచర్ దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది.

"నా పుస్తకంలోంచే తీసుకున్నాడని తెలిస్తే, క్యాసెట్టు మీద మా నాన్న పేరు కొట్టేస్తారా టీచర్?"