గీత పడని కారు

2003 ఆగస్టు పదిహేను. ఆ పొద్దున తాను ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నట్టు వాజిద్‌కు ఇప్పటికీ గుర్తే. చెయ్యి కడుక్కునేలోపే అంగట్లోకి ఒకాయన వచ్చాడు.

నంద్యాల బస్టాండు వెనక సందులో వాజిద్‌ది వీడియో గేముల అంగడి. జెండా పండగ కావడంతో పిల్లలు అప్పటికే కిక్కిరిసి ఉన్నారు. వచ్చినాయన యాభై దాటినవాడు. కనుబొమల మీద రాతిపొడి.

“ఈడ కార్ల ఆట ఉంటాదంట గదప్పా?”

“ఉందన్నా. ఎవరికి, మనవడికా?”

“నాకే. ఆడేదానికి కాదు, చూసేదానికి.”

పిల్లలు కిసుక్కుమన్నారు.

ఆయన పేరు చెన్నకేశవులు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. జేబులోంచి ఒక ఫొటో తీశాడు. ఎర్రటి విదేశీ కారు. దాని ముందుభాగాన్ని కప్పేస్తూ ఆనుకుని నవ్వుతున్న కుర్రవాడు.

“కాంట్రాక్టరు ప్రభుదాసు కొడుకు. పోయిన డిసెంబరులో కల్వర్టుకు గుద్దుకోని ఈ కార్లోనే సచ్చిపోయినాడు. ఒక్కడే కొడుకు. ఏడాది దినానికి సమాధి మీద ఇదే కారు రాతిలో ఉండాలంటాడు ఆ నాయన.”

“పోయి ఆ కారునే చూస్తే పోలా?”

“అది నుగ్గునుగ్గయింది. విరిగిన రూపం చెక్కగూడదప్పా మాకు. నిండుగా ఉండేదే చెక్కాల. ఇట్లాంటి కారు ఈ జిల్లాలోనే ఇంకోటి లేదంట.”

ఆళ్లగడ్డలో తక్కిన శిల్పులెవరూ ఈ పనికి ఒప్పుకోలేదట. దేవుళ్లను చెక్కే చేతులు కదా, కారు చెక్కమంటే నామోషీ కాబోలు అనుకున్నాడు వాజిద్.

“మరి నువ్వెందుకు ఒప్పుకున్నావన్నా?”

“గడపగడపకూ తిరిగినాడప్పా ఆయన. చూడలేకపోయినా.”

వాజిద్ ఆట తెరిచాడు. ఎర్ర కారు తెర మీదికి వచ్చింది. చెన్నకేశవులు తల అడ్డంగా ఊపాడు.

“ఒళ్లు అదే. మొగం ఇది కాదు.”

వాజిద్ మళ్లీ ఫొటో చూశాడు. ముందుభాగం ఎక్కడా కనబడటం లేదు.

“మొగం నీకెట్ల తెలుసు?”

“ఒకసారి చూసినాలే. మొగం బాగా గుర్తుంది. ఎనక ఎట్లుంటాదో, అదే తెల్దు.”

మొగం ఇది కాదని ఆయన అన్నది నిజమే. “కారు కంపెనీ పర్మిషన్ ఇయ్యల్యా అన్నా. అందుకని ఈ ఆట చేసినోళ్లు మూతి మార్చి, వేరే పేరు పెట్టినారు. ఇంకో ఆట ఉంది. దానికి లైసెన్సు ఇచ్చినారు. దాంట్లో బోల్టుతో సహా అచ్చం అదే ఉంటాది. హైదరాబాదు నుంచి తెప్పిస్తా ఉండు.”

“బొమ్మకు గూడా పర్మిషనా?”

“బొమ్మకే!”

“నీ దేవుళ్లకు పర్మిషన్ ఎవరిస్తారు తాతా?” అని ఒక పిల్లవాడు అందుకున్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వాడు.

సీడీ వచ్చిందని కబురు అందగానే మళ్లీ బస్సు దిగాడు చెన్నకేశవులు. తెర మీద కారు తనంతట తానే మెల్లగా తిరుగుతోంది. అది వెనక్కి తిరిగినప్పుడల్లా ఆపించి, తెరకు దారం పట్టి కొలుచుకున్నాడు. అట్టముక్క మీద గీసుకున్నాడు. మధ్యాహ్నం దాటింది. వాజిద్ తెప్పించిన చాయ్ పక్కనే చల్లారిపోయింది.

“ఇది పోతాంటే చూడొచ్చా?”

వాజిద్ హుషారుగా కారు ఉరికించాడు. మలుపులో అదుపు తప్పి గోడకు గుద్దాడు. చెన్నకేశవులు రెండు చేతులతో మొగం కప్పుకున్నాడు.

“కండ్లు తెరువన్నా. చూడు, గీత గూడా పడల్యా!”

ఆయన వేళ్ల సందుల్లోంచి చూశాడు. “అంత గట్టిగా కొట్టుకుంటేనా?”

“మా కారుకు సొట్ట పడినట్టు చూపీగూడదని మాట తీసుకోనే లైసెన్సు ఇచ్చినారన్నా.”

“మరి మనిషి అడ్డమొస్తే?”

“ఈ ఆటలో దావన మనుషులే ఉండరు.”

ఆయన తెర మీది ఖాళీ రోడ్డును వేలితో తడిమాడు.

“మంచి దావ,” అన్నాడు.

డిసెంబరులో ఒక సాయంత్రం వాజిద్ పని చూద్దామని ఆళ్లగడ్డ వెళ్లాడు. చెన్నకేశవులు పని కొట్టం నడుమ నల్లరాతి కారు. వెనకభాగం తెర మీద చూసినట్టే ఉంది. నున్నటి రాయి, ఎక్కడా చిన్న పెచ్చు లేదు. దాని పక్కన, రాతిముక్కల మీదనే కూర్చుని ఉన్నాడు ఒక భారీమనిషి. ఆయనే ప్రభుదాసు. రాతి బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, పసివాడి వీపు నిమిరినట్టు నిమురుతున్నాడు.

ముందర లైట్లుండే చోట మాత్రం రాయి ఉత్తగా ఉంది.

“ఇవి మర్చిపోయినావే అన్నా?” అని చెన్నకేశవులును అడిగాడు వాజిద్.

“అవి కండ్లప్పా. విగ్రహానికి కండ్లు ఆఖర్నే తెరుస్తాము. ఆ పొద్దు ఎదురుగా ఎవురూ నిలబడగూడదు. తొలిచూపు మనిషి తట్టుకోలేడు. ఇప్పుడు తెరుస్తా, మీరిద్దరూ బయట ఉండండి.”

“మరి నీకో?”

“నాకేమవుతాదిలే.”

ఇద్దరూ బయటికి వచ్చారు. చీకటి పడుతోంది. గడప దాటాక ప్రభుదాసు వాజిద్ భుజం పట్టుకున్నాడు.

“రాయి లారీకెత్తుకోని ఎవురింటికి పోయినా తలుపేసుకున్నారు. ఈయన ఒక్కడే రమ్మన్నాడు,” అన్నాడు.

“మంచోడు సార్.”

“ఆ దినం కల్వర్టు కాడ నా కొడుకు కారు కింద పడి సచ్చిపోయింది ఈయన పెండ్లామే నాయనా,” అని ప్రభుదాసు బావురుమంటుండగా, లోపల చెన్నకేశవులు ఉలి అందుకుని, ఆ రాత్రికి కొట్టం తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసుకున్నాడు.