పై గాలి

"ఆ పరదా తియ్యకు తమ్మీ, వాన వస్తది."

రాజలింగం తల తిప్పి చూశాడు. ఎవరో డెబ్భై ఏళ్ళ ముసలాయన. భుజాన సంచి, చేతిలో దారం కట్టిన ఎర్ర గ్యాస్ బెలూన్. వేములవాడ నుంచి వచ్చి బోయినపల్లిలో దిగి, జగిత్యాల బస్సు కోసం చూస్తున్నట్టున్నాడు.

బస్టాండు పక్కనే వడ్ల కొనుగోలు కేంద్రం. రాజలింగం వడ్లు పన్నెండు రోజులుగా అక్కడే కుప్పపోసి ఉన్నాయి. తేమ పదిహేడు శాతం దాటితే తూకం వెయ్యరు. పొద్దున మిషన్ పెడితే పద్దెనిమిది చూపింది. రేపే అతని నంబరు. అది తప్పితే మళ్ళీ వారం ఆగాలి. అందుకే నాలుగు గింజలకు ఎండ తగలాలని కుప్ప మీది టార్పాలిన్ పరదా లాగేశాడు.

"ఇంత ఎండల వానేంది పెద్దమనిషీ?"

"జర నిలవడు, చూపిస్త."

ముసలాయన దారం వదిలేశాడు. ఒక కన్ను వాచీ మీద, ఒక కన్ను బెలూన్ మీద. చెయ్యి చాపి వేళ్ళతో ఆకాశాన్ని కొలుస్తున్నాడు.

బెలూన్ ముందు పడమటికి పోయింది. తాటిచెట్లు దాటి, ఇంకా చాలా పైకి పోయాక తూర్పుకు మళ్ళింది.

"చూసినవా? కింద గాలి సముద్రం దిక్కు నుంచి తేమ తెస్తున్నది. పై గాలి దానికి ఎదురు కొడుతున్నది. గిసొంటి దినం పొద్దుగూకకముందే రాళ్ళవాన పడుతది. కప్పెయ్యి."

రాజలింగానికి అరికాలి మంట నెత్తికెక్కింది. కప్పితే వడ్లు ఆరవు. ఆరకపోతే మిల్లుకాడ తరుగు తీస్తారు. కప్పమని చెప్పేవాడు మిల్లు మనిషి గాక ఇంకెవడు?

"ఏ మిల్లోళ్ళు పంపిండ్రు నిన్ను?"

"మిల్లేంది తమ్మీ?"

"నా వడ్లు పచ్చిగుంటే మీకే గద లాభం! గీ గాలిబుగ్గలాట పోయి పోరగాండ్లకు చూపియ్యి. ఇగో, ఫోన్ల చూడు. వాన లేదు!"

ఫోన్ తీసి ఆయన ముఖం ముందు పెట్టాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు.

ముసలాయన ఫోన్ వంక చూశాడు. ఆయన కూడా నవ్వాడు.

"ఎవలో ఒగలు కొలిచి చెప్తెనే గద తమ్మీ, దానికి తెలిసేది."

"పోతవా, గల్ల పట్టి గుంజాల్నా?"

ముసలాయన పోయి బస్టాండు అరుగు మీద కూర్చున్నాడు.

రాజలింగం కుప్పను కప్పకుండానే ఇంటికి పోయి ఇంత తిని, అట్లాగే మంచం మీద ఒరిగాడు.

ఉరుముకు మెలకువ వచ్చింది. మబ్బుకు ఇల్లంతా చీకటి. రేకుల మీద రాళ్ళు టపటపా పడుతున్నాయి.

"అయ్యో, నా వడ్లు!"

చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాడు. ఆర్నెల్ల కష్టం కాలువలో పడి కొట్టుకుపోతున్నట్టే కళ్ళకు కనిపిస్తోంది.

కేంద్రం దగ్గర ఆగిపోయాడు.

తన కుప్ప మీద పరదా ఉంది!

పక్క కుప్పల పరదాలు గాలికి లేచి కొట్టుకుంటున్నాయి. తనది మాత్రం కదలడం లేదు. నాలుగు మూలలా బండరాళ్ళకు తాడుతో కట్టి ఉంది. అటువంటి ముడి రాజలింగం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. గుంజితే బిగుస్తోంది. కొస పట్టి లాగితే వెన్నలా జారిపోతోంది.

"ఎవలు కట్టిండ్రు కల్పనా?"

కేంద్రం చూసుకునే కల్పన షెడ్డులోంచే చెప్పింది.

"నువ్వు తిట్టినవ్ చూడు, గా తాత. నన్నొక కొస పట్టుకొమ్మన్నడు. నడుమల బస్సొస్తే ఎక్కలే. కట్టుడు అయినంక, తర్వాత బస్సుకు తడుసుకుంట పోయిండు."

రాజలింగం బస్టాండుకు పరుగెత్తాడు. అరుగు ఖాళీగా ఉంది.

తిరిగివచ్చి కుప్ప పక్కనే కూలబడ్డాడు.

"మిల్లు మనిషనుకున్న చెల్లె. నా నోట్ల మన్ను వడ!"

"జగిత్యాలల మనుమరాలికి కొన్న బుగ్గనట అది. పాపం, ఒట్టి చేతులతోని పోయిండు."

"ఎవలాయన? పేరన్న అడిగినవా?"

"పరశురాములట. సిరిసిల్లాయన. గీ ముడి యాడ నేర్సినవ్ తాతా అంటే చెప్పిండు."

"ఏం చెప్పిండు?"

"ముప్పై ఏండ్లు నడి సముద్రంల ఓడ మీద నిలవడి, దినాం బుగ్గలు ఎగిరేసి పై గాలిని కొలిచి, నీ ఫోన్ల వాన ముచ్చట చెప్పేటోళ్ళకు లెక్కలు పంపిన మనిషట అన్నా."